గులాబీ అత్తరును గంటలతో కొలవకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేసవి సెంట్ల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. హైదరాబాద్‌లో దొరికే రకాలను వాడి చూసి, ఒక్కోదానికి మార్కులు వేసి, పట్టిక రూపంలో ఇచ్చిన శ్రమను మెచ్చుకోవలసిందే. అయితే ఆ పట్టికలో గులాబీ అత్తరుకు అన్నిటికన్నా తక్కువ మార్కులు పడటం, అందుకు కారణంగా ఎక్కువసేపు నిలవదని, పక్కవారికి తెలియదని ఒక్క వాక్యంతో తేల్చివేయడం నాకు సబబుగా తోచలేదు. వ్యాసకర్త లోపాలుగా ఎంచిన ఆ రెండూ గులాబీలోని గుణాలేనని, అందులోనూ మన ఊరి ఎండలకు సరిపడే గుణాలని నా అభిప్రాయం. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విరమించిన దానిని. అంతకన్నా ముందు నుంచీ గులాబీ అత్తరు వాడుతున్న దానిని. ఆ రెండు అర్హతలతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంత పొడవైతే మన్నించగలరు.

గులాబీ వాసన అనగానే నగరవాసుల మనసులో ఏం మెదులుతుందో ముందుగా చూడాలి. పెళ్లిమంటపం గుమ్మంలో పన్నీటి బుడ్డితో చల్లే నీళ్లు, ఫాలూదాలో పోసే ఎర్రటి షర్బతు, అగరుబత్తి, చవక సబ్బు. వీటిలో చాలావాటి తయారీలో గులాబీ పువ్వుకు చోటుండదు. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, సిట్రొనెల్లోల్, జెరానియోల్ వంటి రెండు మూడు పదార్థాలను కలిపి, తీపిగా, మొద్దుగా, గది చివరి దాకా తెలిసేలా చేసిన వాసన మాత్రమే ఉంటుంది. ఇక పూల దుకాణాల్లో సెల్లోఫేన్ చుట్టి అమ్మే పొడవాటి కాడల గులాబీల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బెంగళూరు, హోసూరు ప్రాంతాల పాలీహౌస్‌ల నుంచి వచ్చే ఆ పూలను ప్రయాణానికి తట్టుకోవడం కోసం, కుండీలో ఎక్కువ రోజులు వాడిపోకుండా ఉండటం కోసం ఎంచి ఎంచి పెంచారు; ఆ ఎంపికలో సువాసన వెనకబడిపోయింది. ముక్కుకు ఆనించుకున్నా ఏమీ తెలియదు. అలా ఈ నగరంలో ఎక్కువమందికి తెలిసిన గులాబీ రెండు రకాలే: వాసన లేని పువ్వు, పువ్వు లేని వాసన. ఈ రెంటికీ మధ్యన ఉన్నదేమిటో తెలియాలంటే తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి నాటు గులాబీల గంప దగ్గర నిలబడాలి, లేదా నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ముందు రేకులు అమ్మేవారి బల్ల దగ్గర ఆగాలి. షర్బతు వాసనతో విసిగిన ముక్కు గులాబీ అత్తరు సీసాను చూడగానే ముఖం తిప్పుకోవడం సహజమే. అందుకు నేను వ్యాసకర్తను తప్పు పట్టను.

కానీ అత్తరుకు వాడే దమస్క గులాబీ వాసన అంత సూటిగా ఉండదు. పథర్‌గట్టీ, చార్మినార్ పరిసరాల్లోని పాత దుకాణాల్లో మంచి గులాబీ అత్తరు కావాలని అడిగితే, గాజు బిరడాతో ఒక చుక్కను మణికట్టు మీద రాస్తారు. మొదటి నిమిషంలో తీపి దాదాపు తెలియదు. నిమ్మతొక్కనూ నలిపిన పచ్చి ఆకునూ తలపించే, కొంచెం పుల్లగా, పచ్చిగా ఉండే వాసన వస్తుంది. అది తగ్గుతుండగా రేకు వాసన పైకి తేలుతుంది. దానిలో తేనె ఛాయ ఉంటుంది, ఎండు తేయాకు ఛాయ ఉంటుంది, నిదానంగా గమనిస్తే లవంగపు జాడ కూడా ఉంటుంది. ఈ లవంగం నా ఊహ కాదు: లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజెనాల్ అనే పదార్థమే గులాబీ తైలంలోనూ కొద్దిపాటిగా ఉన్నది. ఆ తరువాత చాలాసేపటికి గులాబీ పలచబడి, అడుగున ఉన్న చందనం మెల్లగా బయటపడుతుంది. అప్పటికి ఏది గులాబీయో ఏది చందనమో విడదీసి చెప్పడం కష్టం, విడదీయవలసిన అవసరమూ లేదు. ఈ మార్పు అంతా చర్మానికి జానెడు దూరంలోనే జరుగుతుంది. దుకాణంలో నిలబడి, ఒకే మణికట్టు మీద నాలుగు రకాలు పూసుకుని, రెండు నిమిషాల్లో మార్కులు వేసేవారికి ఇందులో మొదటి మెట్టు తప్ప మరేమీ దొరకదు.

ఇది ఇంత మెత్తగా ఉండటానికి కారణం రసాయనశాస్త్రంలోనే ఉన్నది. గులాబీ తైలంలో వందలాది పదార్థాలు గుర్తించారు. సిట్రొనెల్లోల్, జెరానియోల్, నెరోల్ అనే మూడూ కలిసి దాదాపు సగం భాగం ఆక్రమిస్తాయి. ఇవి చిన్న అణువులు. చర్మపు వెచ్చదనానికి త్వరగానే ఆవిరవుతాయి. రోజంతా వదలకుండా అంటిపెట్టుకునే సెంట్లలో ఆ పని చేసేవి బరువైన అణువులు, ముఖ్యంగా కృత్రిమ కస్తూరి జాతి పదార్థాలు. అంటే పట్టికలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రకాలలో ఉదయం పూసుకున్న పువ్వు సాయంత్రానికి మిగిలి ఉండటం లేదు, దాని కింద వేసిన పునాది మాత్రమే మిగులుతోంది. వ్యాసకర్త కొలిచింది ఆ పునాదినే. ఇంకొక విశేషం చెప్పకుండా ఉండలేను. గులాబీని గులాబీగా మన ముక్కుకు పట్టించేది ఎక్కువ మోతాదులో ఉన్న ఆ మూడు పదార్థాలు కావు. బల్గేరియా గులాబీ తైలంలో 1960ల దశకంలో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు కనుగొన్న డమాసెనోన్ అనే పదార్థం సుమారు 0.14 శాతం మాత్రమే ఉంటుంది. అయినా తైలం వాసనలో చాలా పెద్ద వాటా దానిదే, ఎందుకంటే మనిషి ముక్కు దానిని అత్యల్ప మోతాదులోనే పసిగట్టగలదు. తరగతిలో గాఢత గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ నాకు ఎన్నోసార్లు పనికి వచ్చింది.

అత్తరు తయారీ గురించి మీ వ్యాసంలో ‘రేకులను పిండి తీసిన నూనె’ అని వచ్చింది. అది సరికాదు. గులాబీ రేకును పిండితే నూనె రాదు, బట్టీలో ఉడికించి, ఆవిరిని చల్లబరిచి తీయాలి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ పని నేటికీ పాత పద్ధతిలో జరుగుతున్నది, ఆ ఊరి పరిమళాలకు 2014లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తెల్లవారుజామున, ఎండ ముదరకముందే కోసిన పూలను దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీటితో పాటు వేసి, మూత చుట్టూ బంకమన్ను మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. మంట ఎక్కువైతే పూలు మాడిన వాసన వస్తుంది, తక్కువైతే ఆవిరి కదలదు. ఆ మధ్య మోతాదును పనివారు పాత్రను చేత్తో తాకి, లోపలి చప్పుడు విని పట్టుకుంటారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటితొట్టిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి దిగి చల్లబడుతుంది. భప్కాలో ముందుగానే చందన తైలం పోసి ఉంచుతారు. గులాబీ పరిమళాన్ని అది పీల్చుకుంటుంది. అడుగున చేరిన నీటిని వేరుచేసి, అదే చందన తైలానికి మళ్లీ కొత్త పూల ఆవిరి పట్టిస్తారు, ఇలా రోజుల తరబడి సాగుతుంది. గులాబీలోని ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో బాగా కరుగుతుంది కనుక దానిలో ఎక్కువ భాగం నీటిలోకే వెళ్లిపోతుంది. అందువల్లనే అసలైన పన్నీటి వాసన వేరు, తైలం వాసన వేరు.

ఇక్కడ నా వాదనకు ఒక చక్రవర్తే అడ్డు నిలుస్తాడని ఒప్పుకోవాలి. నూర్జహాన్ తల్లి పన్నీరు తయారు చేయిస్తుండగా, వేడి పన్నీరు పోసిన పళ్లాల మీద తేలిన తెట్టును కొద్దికొద్దిగా సేకరించిందనీ, దానిలో ఒక్క చుక్క అరచేతిలో రాస్తే సభ అంతా పరిమళిస్తుందనీ, ఎన్నో ఎర్ర గులాబీ మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకున్నట్లు ఉంటుందనీ జహంగీర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆమెకు ముత్యాల హారం బహూకరించాడు. అక్బరు భార్య సలీమా సుల్తాన్ బేగం ఆ తైలానికి చక్రవర్తి పేరే పెట్టింది. సభ అంతా నింపే వాసన దగ్గరివారికే తెలిసే వాసన ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. జహంగీర్ చెప్పింది ఏమీ కలపని శుద్ధ తైలం గురించి. అది నిజంగానే బలమైనది, ఆ రూపంలో ఎవరూ దానిని మెడకు పూసుకోవలసిన పని లేదు. చందనంలో తేలికగా ఇంకించిన అత్తరు దానికి సంయమనం నేర్పిన రూపం. పలచన చేయడం పిసినారితనమని అనుకుంటారు గానీ, గులాబీ విషయంలో గాఢత పెరిగేకొద్దీ రేకు వాసన మాయమై జామ్ వాసన, ఎండుపండ్ల వాసన ముందుకు వస్తాయి. పువ్వు దగ్గర ఉన్నట్లు అనిపించాలంటే మోతాదు తగ్గవలసిందే.

‘పక్కవారికి తెలియదు’ అన్న ఆరోపణకు వస్తాను. మే నెలలో మన నగరంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి ఏ సెంటయినా త్వరగా ఆవిరై గాలిలో ఎక్కువగా కలుస్తుంది. డిసెంబరులో ముచ్చటగా ఉన్న ఊద్ (అగరు చెక్క పరిమళం), అంబరు వంటి బరువైన రకాలు మే నెలలో షేర్ ఆటోలోనో, మాదాపూర్ ఆఫీసుల లిఫ్టులోనో పక్కవారికి ఊపిరాడనివ్వవు. ఉదయం రద్దీలో అమీర్‌పేట దగ్గర మెట్రో ఎక్కినవారికి ఈ విషయం వివరించనవసరం లేదు: తలుపులు మూసిన చల్లటి పెట్టెలో ఐదారు రకాల ఘాటైన సెంట్లు ఒకదానితో ఒకటి కుస్తీ పడుతుంటాయి, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు దుపట్టానో రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడతారు. ఎవరి ఒంటి వాసన వారి ఇష్టమే అయినా, ఆ పెట్టెలో గాలి అందరిదీ. తేలికపాటి గులాబీ ఆ జాగాలో చోటు ఆక్రమించదు. చెవి వెనక ఒక చుక్క, లేదా పాతబస్తీలో పెద్దవారు చేసేటట్లు చిన్న దూది ఫాయాను అత్తరులో ముంచి చెవి మడతలో పెట్టుకుంటే, పక్కన కూర్చుని మాట్లాడేవారికి తెలుస్తుంది, బోగీ చివర నిలబడినవారికి తెలియదు. ఇంతకన్నా దూరం వెళ్లవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

నిలవదు అన్నదానిలో కొంత నిజం ఉంది, కొంత ముక్కు చేసే మోసం ఉంది. ఒకే వాసనను ఎడతెగకుండా పీలుస్తుంటే కాసేపటికి ముక్కు దానిని పట్టించుకోవడం మానేస్తుంది. వాసన ఉంటుంది, పూసుకున్నవారికి మాత్రమే తెలియదు. మనలో చాలామంది వాసన పోయిందనుకుని పదే పదే చిలకరించుకోవడానికి, పక్కవారు ఇబ్బంది పడటానికి ఇదే కారణం. కాసేపు బయట తిరిగి వచ్చి చూస్తే, లేదా చేతిరుమాలు మీద ఒక చుక్క వేసి గంట తరువాత వాసన చూస్తే, పోయిందనుకున్న గులాబీ అక్కడే ఉంటుంది. బట్ట మీద చర్మం మీదకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. అయినా మధ్యాహ్నానికి తగ్గిపోయిందే అనుకుందాం. మరో చుక్క రాసుకోవడానికి క్షణం పట్టదు, పావు తులం సీసా చొక్కా జేబులో పడుతుంది. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసిన తరువాత కూడా వదలని సెంటు కొందరికి గొప్పగా తోచవచ్చు. నాకు మాత్రం అది వెళ్లమన్నా వెళ్లని చుట్టంలాగా ఉంటుంది.

గులాబీ ఆడవారి వాసన అని వ్యాసంలో ఒకచోట అన్నారు. ఆ మాట వ్యాసకర్త పాతబస్తీలో శుక్రవారం నమాజుకు వెళ్లే పెద్దమనుషులను అడిగి ఉండవలసింది. సౌదీ అరేబియాలోని తాయిఫ్ కొండల గులాబీ తైలాన్ని అక్కడి మగవారు ఇష్టంగా పూసుకుంటారు. మన శివాలయాల్లో పన్నీటితో అభిషేకం చేసే అర్చకులకూ ఈ వాసన కొత్త కాదు. సెంటు సీసాలకు మగ, ఆడ అని చీటీలు అంటించింది దుకాణాల లెక్కే తప్ప పువ్వు కాదు.

కొనేవారి కోసం కొన్ని మాటలు. ఒక కిలో శుద్ధ గులాబీ తైలానికి సుమారు మూడున్నర వేల కిలోల పూలు కావాలి. ఆ లెక్కన తులం సీసా, అంటే దాదాపు 12 గ్రాముల తైలం నిండాలంటే 40 కిలోలకు పైగా పూలు బట్టీలో పడాలి. ‘కల్తీ లేని అసలు గులాబీ తైలం’ అని చెప్పి ఆ సీసాను నాలుగైదు వందలకు ఇస్తున్నారంటే, అమ్మేవారు ఎంత మర్యాదస్థులైనా లెక్క కుదరదు. చందనం ధర పెరిగాక చాలాచోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ వంటి వాసన లేని నూనెలను అడుగుగా వాడుతున్నారు. కృత్రిమమైనదంతా విషమనీ, సహజమైనదంతా మేలనీ నేను అనను. సహజ గులాబీ తైలంలోనే ఉండే మిథైల్ యూజెనాల్‌పై పరిమళ పరిశ్రమ మోతాదు పరిమితులు విధించుకున్నది; జెరానియోల్, సిట్రొనెల్లోల్ కొందరి చర్మానికి పడవు, ఐరోపాలో వాటి పేర్లు సీసా మీద రాయాలన్న నియమం ఉన్నది. పూలతో కొంత, ప్రయోగశాలలో కొంత చేసిన నిరాడంబరమైన గులాబీ స్ప్రేలు కూడా చక్కనివి ఉన్నాయి. నేను అడిగేదల్లా సీసాలో ఏముందో, అడుగున చందనమో పారఫినో, చీటీ మీద నాలుగు ముక్కలు రాయమని. పాత దుకాణదారులలో నోటితో నిజం చెప్పేవారు ఉన్నారు. కొనేవారు అడగడం మానేశారు కనుక వారు కూడా ముందుగా ఊద్‌ను, విదేశీ సెంట్ల నకళ్లను బల్ల మీద పెడుతున్నారు.

ఊద్ మీద నాకు కక్ష లేదు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ తిరిగేటప్పుడు, చలికాలపు పెళ్లిలో జరీ బట్టల మధ్య, ఆ బరువు అందంగానే ఉంటుంది. నా అభ్యంతరమల్లా అన్నిటినీ ఒకే కొలబద్దతో కొలవడం మీద. ఎంతసేపు, ఎంతదూరం అన్న రెండు గడులే ఉన్న పట్టికలో ఊద్ గెలవడం ముందే తేలిపోయిన విషయం; ఆ పోటీలో మల్లె ఓడుతుంది, వట్టివేరు ఓడుతుంది, తొలకరి మట్టి వాసన పట్టిన అత్తరూ ఓడుతుంది.

కనుక వచ్చే వేసవికి మీరు ఈ పట్టికను మళ్లీ ప్రచురించే పక్షంలో, పరీక్షించే రకాలను ఒకేరోజు ఒకే చేతి మీద కాకుండా రోజుకొకటిగా పూసి చూడమని వ్యాసకర్తకు సూచించగలరు. అలాగే ఇంకొక గడి కూడా చేర్చమని నా మనవి: మే నెల ఉదయం తొమ్మిదిన్నరకు, కిక్కిరిసిన మెట్రో పెట్టెలో ఆ సెంటు పూసుకున్నవారి పక్కన అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా నిలబడి వచ్చిన ప్రయాణికులు దానికి ఎన్ని మార్కులు వేశారో అందులో రాయండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్.